చడీచప్పుడు లేని మనిషి వాయిస్ యాక్టర్ అవ్వాలంటే

"గొంతు బాగుంటుందంటారు, మిమిక్రీ కూడా కొంచెం వచ్చు, కానీ నలుగురిలో చొరవగా మాట్లాడే మనిషిని కాదు, నాకు ఈ పని కుదురుతుందా?" నేను డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది, ఈ ప్రశ్న మాత్రం ఆగలేదు. కుదురుతుందిలే అని ఊరికే ధైర్యం చెప్పి పంపేయడం నాకిష్టం ఉండదు. అందుకే డాన్ కాస్టెలనెటా సంగతి చెప్తాను. ఆయన పేరు వినకపోయినా గొంతు వినే ఉంటారు, ది సింప్సన్స్ కార్టూన్‌లో హోమర్‌కి మాట ఆయనదే.

1980ల్లో ఆయన షికాగోలోని సెకండ్ సిటీ అనే కామెడీ థియేటర్‌లో నటుడు. ట్రేసీ ఉల్‌మన్ అనే కమెడియన్ అమెరికా టీవీలో కొత్త షో మొదలుపెడుతూ నటుల కోసం వెతుకుతోంది. ఈయన్నీ పిలిచారు. మొదటిసారి చూసినప్పుడు ఆమెకీ, నిర్మాతలకీ పెద్దగా ఆనలేదు. అయినా ఒకసారి స్టేజీ మీద చూద్దామని ఆమె విమానమెక్కి షికాగో వచ్చింది. ఆ రాత్రి ఆయన వేసింది కమెడియన్ కావాలని తాపత్రయపడే ఒక అంధుడి పాత్ర. అంతకంటే హడావిడిగా, ఆర్భాటంగా చేసినవాళ్లు ఆ స్టేజీ మీదే ఉన్నారు, కానీ ఈయన మాత్రం తనను నవ్వించలేదు, ఏడిపించాడని ఉల్‌మన్ తర్వాత గుర్తుచేసుకుంది. ఉద్యోగం ఈయనకే వచ్చింది. 1987లో ఆ షో మొదలైంది, అందులో మధ్యమధ్య వచ్చే చిన్న కార్టూన్ ముక్కలకి గొంతులు కావాల్సొస్తే కొత్తవాళ్లని వెతక్కుండా షోలో ఉన్న ఈయన్నీ జూలీ కావ్‌నర్ అనే నటినీ చెప్పమన్నారు. ఆ ముక్కలే పెరిగి 1989 డిసెంబరు 17 నుంచి ది సింప్సన్స్ అనే అరగంట సీరియల్ అయ్యాయి. అప్పట్నుంచి హోమర్, హోమర్ తండ్రి, క్రస్టీ అనే జోకర్, తాగుబోతు బార్నీ, తోటమాలి విల్లీ, మేయర్ క్వింబీ, ఇంకా బోలెడుమందికి ఆయనే గొంతు. ఆ పనికి అమెరికా టీవీ రంగంలో పెద్దవైన ఎమ్మీ అవార్డులు నాలుగు వచ్చాయి.

ఆయనలా అయిపోమని చెప్పడానికి కాదు ఇదంతా. ఆయన ఏ పని తర్వాత ఏ పని చేశాడో ఆ వరస చూస్తే, మనం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

మొదట చెవి, తర్వాతే గొంతు

చిన్నప్పుడు ఆయన వాళ్ల నాన్న దగ్గరున్న కామెడీ రికార్డులు విని వాటిలో గొంతుల్ని అనుకరించేవాడు. 16 ఏళ్లకి వాళ్లమ్మ నటన క్లాసులో చేర్పించింది. అంటే మనవాళ్లలో చాలామందిలాగే ఆయనా మిమిక్రీ నుంచే వచ్చాడు. మనకైతే ఈ విద్యకి వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారంతటి మనిషి ఉండేవారు, 1971లోనే ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. మిమిక్రీని తక్కువ చేసి చూసేవాళ్ల మాట పట్టించుకోకండి, చెవికి అంతకు మించిన శిక్షణ లేదు.

కాకపోతే వాయిస్ యాక్టింగ్‌కి అక్కడితో సరిపోదు. హీరో డైలాగ్ హీరో గొంతుతో చెప్పడం ఒక ఎత్తు, అదే గొంతు ఉన్న మనిషి గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తే ఎలా మాట్లాడతాడు, కూతురి జ్వరం సంగతి డాక్టర్‌కి ఎలా చెప్తాడు అన్నది ఇంకో ఎత్తు. ఈ రెండోదే మన పని. కాబట్టి ఇలా చేయండి. సినిమా వాళ్లని వదిలేసి మీ చుట్టూ ఉన్న ఒక మనిషిని ఎంచుకోండి, కిరాణా కొట్టాయన కావచ్చు, మీ పెద్దమ్మ కావచ్చు, రోజూ మీరెక్కే బస్సు కండక్టరమ్మ కావచ్చు. వారం రోజులు వినండి. చాటుగా రికార్డు చేయొద్దు, అది తప్పు, పైగా రికార్డింగ్ ఉందిలే అన్న ధీమాతో చెవి బద్ధకిస్తుంది. ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాయండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, ఏ మాట సాగదీస్తున్నారు, వాక్యం చివర గొంతు పైకి పోతోందా మింగేస్తున్నారా, కోపమొస్తే గొంతు పెరుగుతోందా తగ్గుతోందా. కోపంలో గొంతు తగ్గే మనుషులు చాలామంది ఉంటారు, ఈ ఒక్క సంగతి పట్టుకున్నా మీ పాత్రలు మారిపోతాయి. రెండో వారం ఆ గొంతుతో ఆ మనిషి ఎప్పుడూ అనని మాటలు చెప్పండి.

మొదట దొరికిన గొంతే ఖాయం అనుకోవద్దు. హోమర్ గొంతు మొదట్లో వాల్టర్ మాథౌ అనే నటుడికి అనుకరణగా మొదలైంది. గంటల తరబడి రికార్డింగ్‌లో అది నిలబడలేదు, ఏడుపూ ప్రేమా భయమూ అన్నీ అందులో పలకలేదు, అందుకని కాస్టెలనెటా దాన్ని కిందికి దించుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మనకు తెలిసిన హోమర్ గొంతు కుదురుకోవడానికి రెండు మూడు సీజన్లు పట్టింది. కాబట్టి ఏ గొంతైనా తయారుచేసుకుంటే దానికి రెండు పరీక్షలు పెట్టండి, గంటసేపు ఆపకుండా మాట్లాడగలరా, ఆ గొంతుతోనే ఎవరికైనా క్షమాపణ చెప్పగలరా. రెండూ అయితేనే అది పాత్ర.

వినేవాళ్లు లేకపోయినా చేయండి

కాలేజీలో ఆయన చదివింది డ్రాయింగ్ మాస్టారు అవుదామని. నార్తర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1979లో డిగ్రీ అయ్యేదాకా, క్యాంపస్ రేడియోలో ఒక కామెడీ షోకి స్కిట్లు చేసేవాడు. ఆ రేడియో సరిగ్గా వినిపించేది కూడా కాదు. కానీ అక్కడ ఒక్కొక్కరు రెండు మూడు పాత్రలు చెప్పాలి, ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి క్షణంలో దూకాలి, ఆ అలవాటు అక్కడే అబ్బింది.

మీకు రేడియో అక్కర్లేదు, ఫోన్ చాలు. ముగ్గురు మాట్లాడుకునే రెండు నిమిషాల సీను మీరే రాసి మీరొక్కరే ముగ్గురి మాటలూ చెప్పి రికార్డు చేయండి, పేర్లు చెప్పకుండా ఇంట్లో వాళ్లకి వినిపించి ఎవరెవరు మాట్లాడుతున్నారో అడగండి. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే, ఒకరికి సన్నగొంతు, ఇంకొకరికి బొంగురు గొంతు పెట్టి మూడోవాళ్ల దగ్గర ఇరుక్కుపోతారు. హెచ్చుతగ్గులు ఒక్కటే కాదు కదా, ముక్కులోంచి మాట్లాడొచ్చు, ఛాతీలోంచి మాట్లాడొచ్చు, పెదాలు సరిగ్గా తెరవకుండా మాట్లాడొచ్చు, వేగం మార్చొచ్చు, ప్రతి మాటకీ ముందు కొంచెం ఆలోచించే మనిషిగా మాట్లాడొచ్చు.

యాస గురించి ఒక మాట. మన సినిమాలు తెలంగాణ యాసని విలన్లకీ కామెడీకీ, శ్రీకాకుళం యాసని పనివాళ్లకీ పెట్టి ఎంతోమంది మనసు నొప్పించాయి. ఏ యాసైనా మాట్లాడాలంటే ఆ ఊరి మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోండి, రాకపోతే రాదని చెప్పండి. నాలుగు మాటలు అటూ ఇటూ తిప్పి యాస అనిపించే పని మాత్రం చేయకండి.

ఇంప్రావ్: అసలు బలం ఇక్కడుంది

డిగ్రీ అయ్యాక ఆయన ఇంప్రావ్ క్లాసుల్లో చేరాడు, తర్వాత భార్య అయిన డెబ్ లకుస్టా పరిచయమైందీ అక్కడే. 1983లో సెకండ్ సిటీలో చేరి 1987 దాకా పనిచేశాడు. ఇంప్రావ్ అంటే స్క్రిప్టు లేకుండా స్టేజీ ఎక్కి, ప్రేక్షకులిచ్చిన ఒక్క మాట పట్టుకుని అప్పటికప్పుడు సీను అల్లడం.

దీని పుట్టుక నాకు చాలా ఇష్టం. షికాగోలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ 1930ల చివర్లో, బయటి దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకీ బస్తీ పిల్లలకీ నాటకం నేర్పడానికి ఆటలు కనిపెట్టింది. నటించండి అని చెప్పకుండా ఆట ఆడిస్తే పిల్లల బెరుకు దానంతటదే పోతుందని ఆవిడ గమనించింది. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ ఇంకొందరితో కలిసి 1959లో సెకండ్ సిటీ పెట్టాడు. అంటే ఈ విద్య పుట్టిందే బెరుకున్న వాళ్ల కోసం. సెకండ్ సిటీలో ఇంకో మంచి పద్ధతి ఉంది, అసలు షో అయ్యాక అక్కడికక్కడే అల్లే సీన్లు వేస్తారు, బాగా పండినవాటిని చెక్కి తర్వాతి షోలో పెట్టుకుంటారు. అంటే అల్లడం కూడా ఒక రకం రాయడమే.

ఇందులో మొదటి సూత్రం "అవును, ఇంకా" అంటారు. ఎదుటివాళ్లు చెప్పింది ఒప్పుకో, దానికి ఇంకొకటి జోడించు. ఉదాహరణకి సీను మొదలవుతూనే మీతో స్టేజీ మీదున్న నటి, "అన్నయ్యా, నాన్న మళ్లీ చెప్పుల్లేకుండా బయటికెళ్లిపోయాడు" అంది. మీరు "నేను మీ అన్నయ్యని కాదండీ, ఎలక్ట్రీషియన్ని" అంటే జనం నవ్వుతారేమో, కానీ సీను అక్కడితో చచ్చిపోయింది, ఆమె ఇచ్చిందంతా మీరు పారేశారు. అదే మీరు ఒక క్షణం ఆగి, నెమ్మదిగా, "ఆ చెప్పులు దాచింది నేనే. చెప్పుల్లేకపోతే గుమ్మం దాటడనుకున్నా" అన్నారనుకోండి. ఇప్పుడు ఒక ఇల్లుంది, మతిమరుపు నాన్న ఉన్నాడు, తప్పు చేశానని బాధపడే కొడుకున్నాడు, నవ్వూ రావచ్చు ఏడుపూ రావచ్చు. మీరు గొంతు పెంచలేదు, జోకూ వేయలేదు, ఆమె మాట విన్నారంతే. నెమ్మదస్తులకి ఇది పుట్టుకతో వచ్చే బలం, ఎందుకంటే వాళ్లు జీవితమంతా వింటూనే ఉంటారు. ఉల్‌మన్ ఆ రాత్రి స్టేజీ మీద చూసింది ఇలాంటి బలాన్నే అని నా నమ్మకం.

మీ ఊళ్లో తెలుగులో ఇంప్రావ్ చేసే బృందం లేకపోతే మీరే పెట్టుకోండి. నలుగురి నుంచి ఆరుగురు, ఆదివారం పొద్దున రెండు గంటలు, ఎవరి డాబా మీదైనా సరే. మొదటి రెండు నెలలు ప్రేక్షకులు వద్దు, ఫోన్‌లో వీడియో అసలే వద్దు, రీల్ కోసం చేస్తున్నామని తెలియగానే మనిషి వినడం మానేసి మెరవడం మొదలుపెడతాడు. గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో మాట చొప్పున కథ చెప్పే ఆటతో మొదలుపెట్టండి. తెలుగులో ఇది భలే ఉంటుంది, క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఆఖరి మనిషి చేతిలో కథ మొత్తం తిరిగిపోతుంది. తర్వాత అర్థం లేని భాషలో సీను వేయండి, ఇద్దరూ గలగలా శబ్దాలతోనే పోట్లాడుకోవాలి, రాజీపడాలి. మాటలు పోతే గొంతులో ఏముందో తేలిపోతుంది కాబట్టి వాయిస్ యాక్టర్లకి ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇంకో ఆటలో ఒకే వాక్యాన్ని, "అన్నం తిన్నావా?" లాంటి దాన్ని, పదిసార్లు పది సంబంధాలతో అడగండి, అత్తగారు కోడల్ని, అలిగిన భార్య భర్తని, హాస్టల్లో కొత్త పిల్లాణ్ణి వార్డెన్, ఇలా.

స్టూడియోలో ఇది ఎక్కడ పనికొస్తుందంటే, విల్లీ పాత్ర మొదటిసారి వచ్చినప్పుడు స్క్రిప్టులో ఉన్నది ఊరికే ఒక మొరటు పనివాడు. రికార్డింగ్‌లో ఏదైనా యాస పెట్టమన్నారు. కాస్టెలనెటా స్పానిష్ యాసతో చెప్తే అది అరిగిపోయిందన్నారు, స్వీడన్ యాస పెడితే వద్దన్నారు, మూడోసారి కోపిష్టి స్కాట్లండ్ మనిషిగా చెప్పాడు, అదే దశాబ్దాలుగా నిలిచిపోయింది. వద్దన్నప్పుడు చిన్నబుచ్చుకోకుండా వెంటనే ఇంకోటి ఇవ్వగలగాలి, ఆదివారం ఆటలు నేర్పేది దాన్నే.

మైకు ముందు

అమెరికా యానిమేషన్‌లో సాధారణంగా ముందు గొంతు రికార్డు చేసి, దాన్ని బట్టి బొమ్మ గీస్తారు. మన డబ్బింగ్‌లో బొమ్మ ముందే ఉంటుంది, మనం దాని పెదాలకి సరిపోవాలి. పని ఒకేలా కనిపించినా కొలతలు వేరు. ప, బ, మ వచ్చినప్పుడు పెదాలు కలుస్తాయి, తెర మీద పెదాలు కలిసిన చోట మీ మాటలో ఆ అక్షరాలు పడకపోతే ప్రేక్షకుడికి తేడా తెలిసిపోతుంది. ఇంట్లో సాధన చేయాలంటే ఏదైనా సీరియల్ ముక్క ఒక నిమిషం సౌండ్ తీసేసి చూడండి, ఆ పెదాలకి సరిపడే మాటలు మీరే రాసి చెప్పండి, రోజుకొక నిమిషం చాలు.

ఒంటిని కదలనివ్వండి. హోమర్ గొంతు కోసం కాస్టెలనెటా గడ్డాన్ని ఛాతీకి ఆనించి మాట్లాడతాడు, చెప్పేటప్పుడు ఆ సీన్ని మనసులో చూసుకుంటాడు. మీ పాత్రలకీ ఒక్కో భంగిమ పెట్టుకోండి, భుజాలు ఎత్తుకునే మనిషి, తల వంచుకునే మనిషి, అప్పుడు వారం తర్వాత పిలిచినా గొంతు వెతుక్కోనక్కర్లేదు, ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

స్క్రిప్టులో రాయని చోట్లే మీ సొంతం. హోమర్ "డో!" అనే చోట స్క్రిప్టులో ఉండేది "చిరాకు మూలుగు" అని మాత్రమే. కాస్టెలనెటా లారెల్ హార్డీ సినిమాల్లో నటించిన జేమ్స్ ఫిన్లేసన్ సాగదీసి అనే ఒక శబ్దాన్ని గుర్తుచేసుకుని అన్నాడు, కార్టూన్‌కి అంత నిడివి కుదరదు, పొట్టిగా అనమని సింప్సన్స్ సృష్టికర్త మాట్ గ్రోనింగ్ చెప్పాడు. 2001లో ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. మనకి నిట్టూర్పులు, నాలుక చప్పరింపులు, "అబ్బా"లు, "ఛ"లు, "ఊఁ"లు ఎన్నో ఉన్నాయి, ఒకే "ఊఁ"తో ఒప్పుకోవచ్చు, వెక్కిరించొచ్చు, నిద్రపోతున్నానని చెప్పొచ్చు. వాటిని కూడా పోగుచేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఇంట్లో రికార్డింగ్‌కి ఖరీదైన మైకు కంటే ప్రతిధ్వని లేని మూల ముఖ్యం. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుని, వెనక ఒక బొంత వేలాడదీయండి, మైకు జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా ఉంటే ప, ఫ, భ దగ్గర గాలి కొట్టదు. అరుపులు, ఏడుపులు ఉన్న సీన్లు చివర పెట్టమని అడగండి, అడిగితే తప్పేం లేదు. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి, కషాయాలతో నెట్టుకురావద్దు.

పని, డబ్బు, హక్కు

షికాగోలో ఉన్నప్పుడు కాస్టెలనెటా, లకుస్టా కలిసి రేడియో స్టేషన్లకి వాయిస్ పనులు చేసేవాళ్లు. మీరూ ప్రకటనలు, ఆడియోబుక్కులు, పాఠాల వీడియోలు, ఐవీఆర్ గొంతులు (కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని వినిపించేవి), ఏదొచ్చినా చేయండి. వేరేవాళ్ల పాత్ర చేయాల్సొచ్చినా సందేహించొద్దు. అల్లాదీన్ మొదటి సినిమాలో జీనీ గొంతు రాబిన్ విలియమ్స్‌ది, 1994లో వచ్చిన రెండో భాగానికీ టీవీ సీరియల్‌కీ కాస్టెలనెటా చెప్పాడు, 1996లో మూడో భాగానికి విలియమ్స్ తిరిగొచ్చాడు. ఈ పనిలో ఇది మామూలే, మనసులో పెట్టుకోకూడదు.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. నా అనుభవమే చెప్తాను. కొత్తలో ఒక సంస్థ "చిన్న ఆన్‌లైన్ వీడియో" అని చెప్పి నాతో ఒక ప్రకటన చెప్పించుకుంది, ఆ గొంతు తర్వాత నెలల తరబడి రేడియోలో వినిపించింది, నాకు అదనంగా ఒక్క రూపాయి రాలేదు. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి అడగడానికీ ఏమీ లేకపోయింది. అప్పట్నుంచి రికార్డింగ్‌కి ముందే ఎంత ఇస్తారు, ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు, ఎన్ని కరెక్షన్లు ఉచితం, ఈ నాలుగూ మెయిల్‌లో రాయించుకుంటున్నాను. ఇప్పుడు ఐదోది కూడా కలపండి, నా గొంతుతో ఏఐకి శిక్షణ ఇవ్వడానికిగానీ నకలు గొంతు తయారుచేయడానికిగానీ విడిగా అనుమతి తీసుకోవాలని. 2023లో అమెరికా నటుల సంఘం 118 రోజులు సమ్మె చేస్తే అందులో ముఖ్యమైన గొడవల్లో ఇదొకటి.

ఒక్కరుగా అడగలేకపోతే కలిసి అడగండి. 1998లో సింప్సన్స్ ముఖ్య నటులకి ఎపిసోడ్‌కి 30 వేల డాలర్లు వచ్చేవి. పెంచమంటే వేరేవాళ్లని పెట్టుకుంటామని ఛానల్ బెదిరించింది, అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు, అది 1,25,000 డాలర్లకి చేరింది. నెమ్మదస్తులకి బేరమాడటం టెన్షన్ కాబట్టి మీతో పనిచేసే వాళ్లతో రేట్లు దాచుకోకుండా మాట్లాడుకోండి. సినిమా డబ్బింగ్‌కి వెళ్లాలనుకుంటే యూనియన్ సభ్యత్వం గురించి ముందే కనుక్కోండి.

చివరగా డెమో, అంటే పని అడిగేటప్పుడు వినిపించే మీ గొంతు నమూనా. నిమిషం, నిమిషంన్నర మించొద్దు, వినేవాళ్లు పది సెకన్లలోనే ఒక నిర్ణయానికొచ్చేస్తారు. మొదట మీ మామూలు గొంతు, మీరు ఇంట్లో మాట్లాడేదే పెట్టండి, ఎక్కువ పనులు దానికే వస్తాయి. మిమిక్రీ ముక్క ఒకటికి మించి వద్దు. డెమో మొత్తంలో ఒక ముక్క మాత్రం ఆదివారం ఆటల్లోంచి పుట్టినదై ఉండాలి, ఆ చెప్పులు దాచిన కొడుకులాంటిది, పదిహేను సెకన్లు, వెనక సంగీతం లేకుండా, గొంతు పెంచకుండా. చాలామంది అలాంటిది పెట్టడానికి భయపడి చివర్లో దాచేస్తారు. మీరు దాన్ని రెండో ముక్కగా పెట్టండి.